అమ్నిసోస్‌కి ఒక జాడీ తేనె

మొదటి రోజు: ఏథెన్స్

మా అమ్మాయికి పురుడు పోయడానికని నేనూ మావారూ జర్మనీ వచ్చాం. మనవరాలికి రెండు నెలలు నిండాయి. వీసా గడువు ఇంకో పది రోజులుంది. "ముప్పై ఏళ్ళు లేబర్ రూమ్‌లోనే గడిపావు, ఇక్కడికొచ్చీ అదే పని. ఒక్క వారం నాన్నని తీసుకుని ఎటైనా వెళ్ళిరా అమ్మా" అని అమ్మాయి పట్టుబట్టింది. ఎటు అని అడగ్గానే నా నోటికి గ్రీసు వచ్చింది.

దానికో కారణం ఉంది. నర్సింగ్ చదివే రోజుల్లో మా ట్యూటర్ మేడమ్ ఒక క్లాసులో ఆక్సిటోసిన్ అన్నది గ్రీకు మాటల నుంచి వచ్చిందనీ, దానికి 'త్వరగా కాన్పు' అని అర్థమనీ చెప్పారు. ఆ ఇంజక్షన్ నా చేత్తో ఎంతమందికి ఇచ్చానో లెక్కలేదు. ఆ భాష మాట్లాడిన వాళ్ళకి కాన్పుల కోసమే ఒక దేవత ఉండేదని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆమె పేరు ఐలీథియా. గ్రీకు మహాకవి హోమర్ కాలానికే ఆమె పాతది. దేవతల రాజు జ్యూస్, ఆయన భార్య హేరాల కూతురని కొందరన్నారు. జ్యూస్ తండ్రి క్రోనస్ కంటే కూడా ముందుదని, మనుషుల తలరాతని వడికేది ఆమేనని ఒలెన్ అనే పాతకాలపు కవి పాడాడట. ఆమె వస్తేనే బిడ్డ బయటికి వస్తుంది, రాకపోతే నొప్పులు ఆగవు. దేవతలకైనా అంతే. ఆమె గుడులు, గుహలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద రాసుకుని మా యాత్రని ఆ కాగితం ప్రకారమే పెట్టుకున్నాం.

హోటల్ రిసెప్షన్‌లోని అమ్మాయిని, నెలలు నిండినవాళ్ళని చూస్తే మీరు ఏమని దీవిస్తారని అడిగాను. "కలీ లెఫ్తెరియా" అంది. లెఫ్తెరియా అంటే విడుదల, స్వేచ్ఛ. హాయిగా విడుదల కావాలని దీవెన. సుఖంగా నీళ్ళాడాలని మనం అనడం లేదూ, అలాంటిదే. పెద్ద కేథడ్రల్ పక్కనే సెయింట్ ఎలెఫ్తెరియోస్ పేరున చిన్న చర్చి ఉందనీ, గర్భిణులు ఆయనకి మొక్కుకుంటారనీ తనే చెప్పింది. సాయంత్రం వెళ్ళి చూశాం. మన ఊళ్ళో రామాలయమంత ఉంది. గోడలన్నీ పాత కట్టడాల పాలరాతి ముక్కలు ఏరి కట్టినవి. లోపల ఒక చూలింత నిలబడి కొవ్వొత్తి వెలిగిస్తోంది. క్రీట్ దీవిలో ఐలీథియాని ఎలెఉథియా అనేవాళ్ళు. ఎలెఉథియా, ఎలెఫ్తెరియోస్. పేర్లకి ఏ చుట్టరికం ఉందో పండితులు తేలుస్తారు, ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని అడుగుతున్నది ఏమిటో మాత్రం నాకు తెలుసు.

అంతకుముందు మధ్యాహ్నం కెరమైకోస్ వెళ్ళాం. అది ఏథెన్స్ వాళ్ళ పాత శ్మశానం. అక్కడి మ్యూజియంలో ఒక సమాధి రాయి దగ్గర నేను కూర్చుండిపోయాను. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరిది. అంఫరేతె అనే పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చేతిలో పొత్తిళ్ళలో చుట్టిన పసిబిడ్డ, కుడిచేతిలో బిడ్డకి చూపిస్తున్న చిన్న పిట్ట. పైన చెక్కిన మాటల అర్థం పక్కన ఇంగ్లీషులో ఉంది. ఇది నా కూతురి బిడ్డ, ఇద్దరం బతికి సూర్యుణ్ణి చూసిన రోజుల్లో నా ఒళ్ళో పెట్టుకున్నాను, ఇప్పుడు చనిపోయిన నేను చనిపోయిన ఈ బిడ్డని ఎత్తుకున్నాను, అని. ఆవిడ అమ్మమ్మ. మావారు మెల్లగా నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మాయికి ఫోన్ చెయ్యి" అన్నారు. చేశాను. మనవరాలు నిద్రపోతోందట.

రెండో రోజు: బ్రౌరాన్

ఏథెన్స్‌కి తూర్పున సముద్రం వైపు 38 కిలోమీటర్లు. టాక్సీలో వెళ్ళాం. ఇప్పుడు వ్రవ్రోనా అంటున్నారు. ఇది ఐలీథియా గుడి కాదు, ఆర్టెమిస్ అనే ఇంకో దేవతది. కానీ కాన్పు సంగతి వస్తే ఆ ఇద్దర్నీ విడదీయడం కష్టం. చాలా చోట్ల ఆర్టెమిస్ ఐలీథియా అని ఒకే పేరుగా కలిపి కొలిచారు.

పల్లంలో చిత్తడి నేల, రెల్లు, కప్పల అరుపులు. గుడికి పునాదులే మిగిలాయి. పక్కన వరసగా స్తంభాలు నిలబెట్టిన మండపం, దాని వెనక భోజనాల గదులు. చిన్నపిల్లల్ని 'ఎలుగుబంట్లు' అన్న పేరుతో ఇక్కడ దేవి సేవకి ఉంచేవాళ్ళట. మ్యూజియంలో ఆ పిల్లల పాలరాతి బొమ్మలున్నాయి. బుగ్గలు ఉబ్బి, చేతిలో కుందేలునో పిట్టనో పట్టుకుని ఎంత ముద్దొస్తున్నారో.

నేను వచ్చింది మాత్రం ఇంకో విషయం కోసం. కాన్పు క్షేమంగా జరిగినవాళ్ళు తమ బట్టలు తెచ్చి ఆర్టెమిస్‌కి ఇచ్చేవాళ్ళు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ బట్టల జాబితాలు రాళ్ళ మీద చెక్కారు. ఏ బట్ట, ఏ రంగు అంచు, ఇచ్చినావిడ పేరేమిటి, అన్నీ. కొన్నింటి పక్కన చిరుగు పట్టిందని, కొన్నింటి పక్కన నేత సగంలోనే ఉందని కూడా రాసి ఉంది. మరి కాన్పులో పోయినవాళ్ళ సంగతి? ఇక్కడే సమాధి ఉందని చెప్పుకునే ఇఫిజెనియా అనే పురాణ కథల రాకుమారికి వాళ్ళ బట్టలు చెందుతాయని గ్రీకు నాటకకర్త యురిపిడీస్ తన నాటకంలో ఎథీనా దేవి చేత చెప్పించాడు. కాన్పులో ప్రాణం పోయిన ఆడవాళ్ళు ఇంట్లో వదిలి వెళ్ళిన మెత్తటి నేత బట్టలు అన్నాడు.

అది చదివాక నాకు ఒక మూట గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. రెండో కాన్పు, బిడ్డ బాగానే పుట్టాడు, మాయ కూడా పడింది. అరగంటకి రక్తస్రావం మొదలైంది. ఇంజక్షన్లు ఇచ్చాం, గర్భసంచిని నొక్కి పట్టుకున్నాను, నా చేతులు తిమ్మిరెక్కాయి. రక్తం బాటిల్ రావాల్సిన చోటి నుంచి రావాల్సిన టైముకి రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి పోయింది. ఆమె వచ్చేటప్పుడు కట్టుకొచ్చిన చీర, ఆకుపచ్చ మీద పసుపు చుక్కల నూలు చీర, మడత పెట్టి మూటకట్టి అలమర పైన పెట్టాను. ఇంటివాళ్ళు బిడ్డనీ, ఆమెనీ తీసుకెళ్ళారు. మూట సంగతి ఎవరూ అడగలేదు. నెలలు గడిచాయి. తీసి పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. నేను బదిలీ అయిన రోజుకి కూడా అది అక్కడే ఉంది.

ఆ చీరని ఎక్కడ ఇవ్వాలో ఈ ఊరివాళ్ళకి తెలుసు. గుడి పక్కన ఊట దగ్గర నిలబడి అదే అనుకున్నాను. బతికినవాళ్ళ మొక్కులకి చోటున్నట్టే, బతకని వాళ్ళ బట్టలకీ ఒక చోటు పెట్టారు. మా వార్డులో అలమర పైభాగం తప్ప మాకు ఇంకో చోటు లేకపోయింది.

మూడో రోజు: ఓడలో

పిరేయస్ రేవు నుంచి మికొనోస్‌కి. మావారు డెక్ మీద కూర్చుని దీవుల పేర్లు లెక్కపెట్టుకున్నారు. నేను నిద్రపోయాను. మికొనోస్‌లో గది అద్దె చూస్తే గుండె ఆగినంత పనైంది.

నాలుగో రోజు: డెలోస్

మికొనోస్ పాత రేవు నుంచి చిన్న ఓడలో అరగంట. డెలోస్‌లో ఇప్పుడు మామూలు జనం ఉండరు, రాత్రి ఉండనివ్వరు. దీవంతా ఒకే పెద్ద శిథిలం. 1990లో యునెస్కో జాబితాలో చేర్చారు. నీడ దొరకదు, గాలి మాత్రం మనిషిని నెట్టేస్తుంది.

అపోలో దేవుడు ఇక్కడే పుట్టాడు. ఆ కథ హోమర్ పేరు మీదున్న ఒక పాత స్తోత్రంలో ఉంది. లేటో దేవికి నెలలు నిండాయి. భయపడి ఏ నేలా ఆమెకి చోటివ్వలేదు, ఈ రాళ్ళ దీవి ఒక్కటే ఒప్పుకుంది. తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు నొప్పులు పడింది. రేయా, థెమిస్, ఆంఫిట్రిటె, ఇలా పెద్ద పెద్ద దేవతలందరూ చుట్టూ ఉన్నారు. ఎవరివల్లా కాలేదు. రావాల్సింది ఐలీథియా. ఆమెని హేరా, లేటో మీద అసూయతో, దేవతలుండే ఒలింపస్ కొండ మీద బంగారు మబ్బుల కింద కూర్చోబెట్టి, కిందేం జరుగుతోందో చెవిన పడకుండా ఆపింది. చివరికి ఈ దేవతలు తమ దూత ఐరిస్‌ని పంపారు. హేరా కంట పడకుండా పిలుచుకురా, వస్తే బంగారు తీగల తొమ్మిది మూరల హారం ఇస్తామని చెప్పు అన్నారు. ఐలీథియా విన్నది, లేచింది. ఇద్దరూ పావురాల్లా అడుగులు వేసుకుంటూ వచ్చారు. ఆమె దీవి మీద కాలు పెట్టగానే లేటోకి ముక్కాలనిపించింది. ఖర్జూర చెట్టుని రెండు చేతులా వాటేసుకుని, మెత్తటి గడ్డి మీద మోకాళ్ళు ఆనించింది. కింద నేల నవ్వింది. బిడ్డ వెలుగులోకి దూకాడు.

ఈ కథ చెప్పిన వాళ్ళలో ఎవరో కాన్పు దగ్గర కూర్చున్నారని నా నమ్మకం. తొమ్మిది రోజులు కాకపోయినా రెండు రోజుల నొప్పులు చూశాను. చుట్టూ ఎంతమంది ఉన్నా, ఒక మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప పని జరగని కాన్పులు చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని, చెట్టుని పట్టుకుని కనడం కూడా కల్పన కాదు. మా ఊళ్ళో మంత్రసాని దూలానికి తాడు కట్టించి దాన్ని పట్టుకోమనేది. ముందుగా జుట్టు ముడి కూడా విప్పించేది. ఆసుపత్రుల్లోకి వచ్చాక అందర్నీ వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి కట్టించాం. నేనూ కట్టించాను. ఏ భంగిమలో కనాలన్నది తల్లి ఇష్టానికి వదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రాసింది. నేను ఆ కాగితం చదివేసరికి నా సర్వీసు ఆఖరుకి వచ్చింది. లేటో కథ నాకు ముందే తెలిసి ఉంటే ఎంతమందిని లేపి కూర్చోబెట్టేదాన్నో.

పవిత్ర సరస్సు అని ఉన్న చోట ఇప్పుడు నీళ్ళు లేవు. మలేరియా భయంతో 1925లో పూడ్చేశారు. మధ్యలో ఒక ఖర్జూర చెట్టు నాటారు, గాలికి ఒక పక్కకి వాలి ఉంది. గట్టు మీద కూర్చుని దాన్నే చూశాను. దగ్గరికి వెళ్ళి ఒకసారి పట్టుకోవాలనిపించింది గానీ వెళ్ళలేదు.

సముద్రం అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఇంకో దీవి కనిపిస్తుంది. రెనేయా. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్ళు డెలోస్‌ని శుద్ధి చేస్తున్నామని సమాధులన్నీ తవ్వి రెనేయాకి తరలించారు. ఇకమీదట డెలోస్‌లో ఎవరూ చావకూడదు, ఎవరూ పుట్టకూడదని నియమం పెట్టారు. ప్రాణం పోయేటట్టున్నవాళ్ళనీ, కనబోయేవాళ్ళనీ పడవలో అవతలికి చేర్చాలి.

నాకు ఇది మింగుడు పడలేదు. ఐలీథియా పరుగున వచ్చిన నేల ఇది. కాన్పు జరిగినందుకే ఇది పుణ్యక్షేత్రం అయింది. ఉత్తరాన ఎక్కడో ఉన్న దేశం నుంచి ఇద్దరు అమ్మాయిలు, ఆర్గె, ఓపిస్, సుఖప్రసవం కోసం మొక్కుకున్న మొక్కు ఐలీథియాకి చెల్లించడానికి ఇంత దూరం వచ్చారని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అలాంటి చోట నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఈ గాలిలో, ఈ అలల మీద పడవ ఎక్కించారు. పడవలో ఉమ్మనీరు పోయినవాళ్ళు ఎంతమందో, దిగేలోపే కన్నవాళ్ళు ఎంతమందో. ఆ నియమం రాసినవాళ్ళు గుర్తుండిపోయారు, పడవలోని ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. మధ్యాహ్నం తిరుగు ఓడ ఊగుతుంటే కమ్మీని గట్టిగా పట్టుకుని వాళ్ళ గురించే ఆలోచించాను.

ఐదో రోజు: హెరాక్లియన్

పొద్దున్నే క్రీట్ ఓడ. సముద్రం బాగాలేదు, మావారికి వాంతులు. మధ్యాహ్నానికి దిగి, గదిలో ఆయన్ని పడుకోబెట్టి నేనొక్కదాన్నే మ్యూజియంకి వెళ్ళాను.

వెతుక్కుంటూ వచ్చిన వస్తువు అరచేతిలో పట్టేంత మట్టి పలక. క్నోసోస్ రాజభవనంలో గుమాస్తాలు లెక్కలు రాసుకున్న పలకల్లో ఒకటి. సుమారు 3,400 ఏళ్ళ నాటిది. పచ్చి మట్టి మీద పుల్లతో గీసి ఎండబెట్టేవాళ్ళు. భవనం తగలబడినప్పుడు ఆ మంటలకి కాలి గట్టిపడ్డాయి, అందుకే మిగిలాయి. 1900 నుంచి ఆర్థర్ ఎవాన్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాల్లో బయటపడ్డాయి గానీ యాభై ఏళ్ళపాటు ఎవరికీ చదవడం రాలేదు. 1952లో మైకేల్ వెంట్రిస్, వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్, ఆ లిపి గుట్టు విప్పాడు. అది గ్రీకు భాషేనని తేలింది.

ఈ పలక మీద ఇలా ఉంది: అ-మి-ని-సో. ఎ-రె-ఉ-తి-య. తేనె, జాడీ 1. దాని కింద: దేవతలందరికీ. తేనె, జాడీ 1.

అమ్నిసోస్ అనే చోట ఉన్న ఎలెఉథియాకి ఒక జాడీ తేనె. మిగిలిన దేవతలందరికీ కలిపి ఒక జాడీ.

గాజు పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. స్తోత్రం లేదు, పొగడ్త లేదు. రిజిస్టర్‌లో ఎంట్రీ అంతే. మా లేబర్ రూమ్ రిజిస్టర్ కూడా ఇంతే ఉండేది. పేరు, టైము, ఆడో మగో, బరువు. తెల్లవారుజామున నిద్ర కళ్ళతో ఒక్కొక్క గడి నింపేదాన్ని. ఆ గడుల్లో ఎన్ని ఏడుపులు, ఎన్ని నవ్వులు ఉన్నాయో రాసినవాళ్ళకే తెలుసు. ఈ గుమాస్తా కూడా గీత గీసి, జాడీ బొమ్మ వేసి, పక్కన ఒకటి పెట్టి ఇంకో పలక అందుకుని ఉంటాడు. ఐలీథియా పేరు మనకి దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటి.

ఆరో రోజు: సూత్సురోస్

మావారు తేరుకున్నారు. కారు మాట్లాడుకుని దీవికి అడ్డంగా దక్షిణం వైపు వెళ్ళాం. ఆలివ్ తోటలు దాటాక కొండ దిగే మలుపులు చూస్తే టెన్షన్ వచ్చింది, డ్రైవర్ మాత్రం పాట పాడుకుంటూ తిప్పాడు. కింద చిన్న పల్లె, ఎదురుగా లిబియా సముద్రం. పాతకాలంలో దీన్ని ఇనాటోస్ అనేవాళ్ళు, ఇక్కడి దేవత ఐలీథియా ఇనాటియా. దొంగలు తవ్వుతున్నారని తెలిసి 1962లో పురావస్తు శాఖవాళ్ళు, నికొలాస్ ప్లాటన్, కోస్తిస్ దవరాస్, గుహని తవ్వారు. ఇప్పుడు లోపలికి వెళ్ళే వీల్లేదు. అక్కడ దొరికినవి నిన్న హెరాక్లియన్ మ్యూజియంలో చూశాను కాబట్టి నాకు వెలితి అనిపించలేదు.

వేలెడంత మట్టి బొమ్మలు. కౌగిలించుకున్న ఆలుమగలు. పొట్ట మీద చెయ్యి వేసుకున్న చూలింతలు. కాళ్ళు ఎడంగా పెట్టి కంటున్న ఆడవాళ్ళు. చిన్న చిన్న పడవలు కూడా. ఒక చూలింత బొమ్మలో పొట్ట దగ్గర చేసినవాళ్ళ వేలి నొక్కు ఉన్నట్టుంది. ఇవి గొప్ప శిల్పుల పని కాదు, పండగ ముందు కుమ్మరి వీధిలో వరసపెట్టి చేసే రకం. బిడ్డ కావాలని ఒకరు, బిడ్డ కడుపులో నిలవాలని ఒకరు, ఈ గండం గట్టెక్కాలని ఒకరు తెచ్చి పెట్టి ఉంటారు. మా ఔట్‌పేషెంట్ వరసలో ఎప్పుడూ ఈ ముగ్గురే ఉండేవాళ్ళు.

సముద్రం ఒడ్డున హోటల్లో చేపలు తిన్నాం. పక్కనే కొట్లో ఒక ముసలావిడ తేనె అమ్ముతోంది, కొండల్లో పెరిగే థైమ్ పూలది. ఒక సీసా కొన్నాను. మావారు "ఇంటికా?" అన్నారు. "సగం" అన్నాను.

ఏడో రోజు: అమ్నిసోస్

హెరాక్లియన్‌కి తూర్పున ఎనిమిది కిలోమీటర్లు. విమానాశ్రయం దగ్గరే కాబట్టి ఫ్లైటుకి ముందు పొద్దున్నే పెట్టెలతో సహా బయల్దేరాం. హోమర్ కావ్యం ఒడిస్సీలో నాయకుడు ఒడిస్సియస్ ఇంటికి తిరిగొచ్చి, భార్య పెనెలొపికి తనెవరో చెప్పకుండా కట్టుకథ అల్లేటప్పుడు కూడా, అమ్నిసోస్‌లో ఐలీథియా గుహ ఉన్న చోట ఓడ ఆగిందని చెప్పాడు. అంత తెలిసిన చోటు ఒకప్పుడు. ఇప్పుడు కొండ వాలులో రోడ్డు పక్కన దాటిపోయేలా ఉంది, డ్రైవర్ రెండుసార్లు వెనక్కి తిప్పాడు.

అంజీర చెట్టు, దాని వెనక నేలలోకి దిగిన నోరు, ఇనప గేటు, తాళం. లోపల గుహ అరవై మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. మధ్యలో పైనుంచి కారిన సున్నపు నీళ్ళతో పేరుకున్న రాతి స్తంభం ఒకటి ఆడమనిషి ఆకారంలో ఉందనీ, దాని చుట్టూ తక్కువ ఎత్తు గోడ కట్టారనీ, జనం చేతులు తగిలి తగిలి నునుపెక్కిందనీ చదివాను. 19వ శతాబ్దం చివర హత్జిదాకిస్, తర్వాత 1929లో మరినాటోస్ ఇక్కడ తవ్వారు. కొత్త రాతియుగం నుంచి జనం వచ్చిపోయిన ఆనవాళ్ళు దొరికాయి. ఎక్కువగా కుండ పెంకులే. బంగారం, కంచు కోసం చూసేవాళ్ళకి ఇది పేద గుహ. తేనె తెచ్చిన గుహలో తేనె ఎలా మిగులుతుంది, పెంకులే మిగులుతాయి.

గేటు ఊచలకి మొహం ఆనించి చూశాను. చల్లగా, తడి మట్టి వాసన. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక దగ్గర్లోని బండలు తెలిశాయి గానీ ఆ స్తంభం కనబడలేదు. లోపల ఎక్కడో నీటి చుక్క పడుతున్న చప్పుడు. ఒకటి పడి, మళ్ళీ చాలాసేపటికి ఇంకొకటి.

సీసా మూత తీశాను. గట్టిగా బిగుసుకుపోయి ఉంటే మావారు తిప్పి ఇచ్చారు. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి రాయి మీద పోశాను. తేనె చిక్కగా ఉంది, తీగలా సాగి నెమ్మదిగా పడింది. మొదట మా అమ్మాయి పేరు చెప్పాను, తర్వాత మనవరాలి పేరు. ఆకుపచ్చ చీర ఆవిడ పేరు నాకు ఇప్పటికీ గుర్తే, ఇంటిపేరుతో సహా. అదీ చెప్పాను. సగం దగ్గర ఆపుదామనుకున్నాను. చెయ్యి వెనక్కి రాలేదు, సీసా అంతా పోసేశాను.

తలమీదుగా విమానం ఒకటి రేవు వైపు దిగుతోంది. రాయి మీద తేనె అంచుకి అప్పుడే నాలుగు చీమలు చేరాయి. "ఏవండీ, సీసా ఇక్కడ పడెయ్యకండి" అని తీసి సంచిలో పెట్టుకున్నాను. డ్రైవర్ రోడ్డు మీంచి హారన్ కొట్టాడు.